రోజుకొక రైడర్, ఒక్కో పేరు ఒక్కసారే: సైకిల్ షాపువాళ్ళ టూర్ జోస్యం పోటీ ఎలా ఉంది?

ఐపీఎల్‌కి టీమ్ కట్టడం వేరు, టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుకి జోస్యం చెప్పడం వేరు. అక్కడ రెండు జట్లలో ఏదో ఒకటి గెలుస్తుంది, సగం అదృష్టం మనవైపే ఉంటుంది. ఇక్కడ రోజూ నూట ఎనభై మంది దాకా బయల్దేరతారు, గెలిచేది ఒక్కడు. 23 రోజుల్లో 21 స్టేజులు, అంటే రోజుకొకటి చొప్పున 21 అంచెలు. నిన్న పచ్చ జెర్సీలో (స్ప్రింట్ల పాయింట్లలో ముందున్నవాడి గుర్తు) వెలిగినవాడు ఇవాళ భుజానికి కట్టుతో అంబులెన్సులో ఉండొచ్చు. ఇలాంటి రేసు మీద ఎవరైనా పోటీ పెట్టారంటే ముందు చూడాల్సింది బహుమతులు కాదు, నిబంధనల కాగితం. రేసు అనుకున్నట్టు సాగనప్పుడు ఆ కాగితం ఏమంటుందన్నదే పోటీ సత్తా.

గచ్చిబౌలి వైపున్న ఒక సైకిల్ షాపు 2025లో గ్రాండ్ టూర్లనే మూడు పెద్ద రేసులకీ, అంటే జిరో (ఇటలీ), టూర్ (ఫ్రాన్స్), వుయెల్టా (స్పెయిన్) మూడింటికీ ఇలాంటి పోటీ నడిపింది. షాపు పేరు రాయడం లేదు. అవుటర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఆదివారం పొద్దున్నే తిరిగేవాళ్ళకి చెప్పకుండానే తెలిసిపోతుంది. ఈ రివ్యూ ప్రధానంగా జులైలో జరిగిన టూర్ పోటీ గురించి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వుయెల్టా వచ్చి ఇందులోని లొసుగులన్నీ బయట పెట్టింది కాబట్టి దాని ముచ్చట కూడా ఉంటుంది.

చేరడం తేలిక. షాపు కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. స్కాన్ చేస్తే వాట్సాప్ గ్రూపు, అందులో గూగుల్ ఫామ్ లింకు. పేరు, ఫోన్ నంబరు, పట్టికలో కనిపించాల్సిన ముద్దుపేరు ఇస్తే చాలు. రుసుము లేదు. మొదటి బహుమతి రెండు ఫుల్ సర్వీసులు. అంటే చెయిన్, క్యాసెట్ ఊడదీసి కడిగి, బ్రేకు, గేరు కేబుళ్ళు మార్చి, చక్రాల వంకర తీసి ఇస్తారు. రెండోది జత టైర్లు. మూడోది రెండు ట్యూబులు, ఒక చెయిన్ లూబ్ సీసా. పట్టికలో అట్టడుగున నిలిచినవారికి ఉస్మానియా బిస్కెట్ల డబ్బా. రేసులో చిట్టచివర నిలిచేవాణ్ణి ఫ్రెంచివాళ్ళు ఎర్ర లాంతరు అంటారు, ఆ సంప్రదాయానికి ఇది మన చాయ్ రూపం. ఈ డబ్బా కోసమే చివరి వారంలో కావాలని తప్పుడు పేర్లు రాసేవాళ్ళు తయారవుతారు. దానికి మందు సులువే: వరసగా మూడు రోజులు ఫామ్ నింపనివాళ్ళకీ, రేసులోంచి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు రాసేవాళ్ళకీ డబ్బా లేదని ఒక్క లైను పెట్టాలి. ఇప్పటికైతే ఆ లైను లేదు.

రుసుము లేకపోవడం షాపువాళ్ళ దాతృత్వం అనుకోకండి, అదే సరైన పద్ధతి. తెలంగాణ గేమింగ్ చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యం ఉన్నదైనా సరే, ఇక్కడ కుదరదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం అలాంటి ఆటల్ని దేశమంతా ఆపేసింది. అందుచేత గ్రూపులో ఎవరైనా పక్కకి పిలిచి "తలా అయిదొందలు వేసుకుందాం అన్నా" అంటే షాపు పోటీకీ దానికీ సంబంధం లేదని తెలుసుకుని దూరంగా ఉండండి.

పోటీలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది రేసు మొదలయ్యేలోపు ఒక్కసారే నింపే ఫామ్. అన్ని స్టేజుల మొత్తం సమయం లెక్కన వేసే తుది పట్టికలో మొదటి అయిదుగురు వరసలో, పచ్చ జెర్సీ, చుక్కల జెర్సీ (కొండల పాయింట్లలో మొదటివాడికి), తెల్ల జెర్సీ (కుర్రాళ్ళలో మొదటివాడికి), టీమ్ వర్గీకరణ (టీముల్లో మొదటిది), ఎర్ర లాంతరు ఇందులో అడుగుతారు. అయిదుగురిలో ఒక్కో పేరు సరైన స్థానంలో పడితే 30 పాయింట్లు, పేరు సరే కానీ స్థానం తప్పితే 12. విజేత పేరు కుదిరితే పైన ఇంకో 20. పచ్చకి 25, చుక్కలకి 25, తెల్లకి 15, టీమ్‌కి 15, ఎర్ర లాంతరుకి 30.

పేపరు మీద బాగానే ఉంది. 2025లో ఏమైందో చూడండి. జులై మొదటి వారంలో రేసు చూసేవాణ్ణి ఎవరిని నిద్రలేపి అడిగినా చెప్పే వరస ఇది: పొగాచర్, వింగెగార్డ్, ఎవెనెపోల్, రోగ్లిచ్, ఆల్మేదా. ఆల్మేదా ఏడో స్టేజులో పడి తొమ్మిదో స్టేజులో దిగిపోయాడు. ఎవెనెపోల్ పద్నాలుగో స్టేజులో టూర్మలే ఎక్కుతూ సైకిల్ దిగేశాడు. రోగ్లిచ్ ఎనిమిదో స్థానంలో ముగించాడు. అసలు వరస పొగాచర్, వింగెగార్డ్, లిపోవిట్స్, ఆన్లీ, ఫెలిక్స్ గాల్. అంటే అందరి వరస రాసినవాడికి 170లో వచ్చింది 80. లిపోవిట్స్ పేరు అయిదో గడిలో వేసినవాడికి కూడా ఇంకో 12 ఎక్కువ వచ్చాయి. జులై 4న ఆన్లీ పేరు రాసినవాడు ఉంటే వాడి జాతకం వేరు. ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటే. మొదటి రెండు గడులు అందరూ ఒకేలా నింపుతారు, అక్కడ తేడా రాదు. కింది మూడు గడుల్లోనే పోటీ ఉంటుంది. ఆ మూడింటిలో ఒకటి ఇంకా పేరుపడని కుర్రాడికి కేటాయించడం నష్టం కాదు. పెద్ద పేరు పడిపోయినా సున్నాయే, చిన్న పేరు తప్పినా సున్నాయే.

చుక్కల జెర్సీ దగ్గర చాలామంది బోర్లా పడ్డారు. కొండల రాజు అనగానే రోజూ ముందే ఉరికి వెళ్ళే బ్రేక్‌అవే రైడర్లు గుర్తొస్తారు. 2023లో చికోనె, 2024లో కారపాజ్ అలాగే గెలిచారు. కానీ హెచ్‌సీ అనే అతి కఠినమైన వర్గం కొండ మీద మొదటివాడికి 20 పాయింట్లు, మొదటి వర్గానికి 10, రెండో వర్గానికి 5, మూడో వర్గానికి 2, నాలుగో వర్గానికి 1. పెద్ద కొండల మీదే ముగిసే స్టేజులు ఎక్కువైతే మొత్తం రేసులో మొదటివాడికిచ్చే పసుపు జెర్సీ కోసం కొట్టుకునేవాళ్ళే ఈ పాయింట్లు కూడా ఊడ్చేస్తారు. 2025లో ఓటకామ్, వాంటూ, కొల్ డి లా లోజ్ అన్నీ కొండమీది ముగింపులే. చుక్కలు పొగాచర్ వొంటి మీదకే పోయాయి. అతను 2020, 2021లో కూడా అలాగే తీసుకున్నాడు. ఒకే పేరు రెండు మూడు జెర్సీలకి రాయొచ్చా అని గ్రూపులో సందేహం వచ్చింది. రాయొచ్చు. ఈ నిబంధన షాపువాళ్ళు సరిగ్గా పెట్టారు.

పచ్చకి 25 ఇచ్చి ఎర్ర లాంతరుకి 30 ఇవ్వడం మాత్రం మింగుడు పడదు. పచ్చ జెర్సీ చెప్పాలంటే మైదానపు స్టేజులు ఎన్ని, ఒక్కో గెలుపుకి 50 పాయింట్లు వస్తే ఎవరు ఎన్నింట్లో నిలబడగలరు, కొండల్లో గడువులోపు చేరగలరా (దాటితే రేసులోంచి తీసేస్తారు) అన్నీ లెక్క వేయాలి. చివరివాడు ఎవరన్నది దాదాపు చిట్టీ తీయడమే. స్ప్రింటర్‌ని లాక్కొచ్చే లెడ్‌అవుట్ రైడర్లలో ఒకడి పేరు రాయడం కొంత నయం. మైదానంలో ఒళ్ళు హూనం చేసుకుని, కొండల్లో గడువులోపు చేరడమే లక్ష్యంగా తొక్కేది వాళ్ళే. అయినా లాటరీకి ఎక్కువ, లెక్కకి తక్కువ ఇవ్వడం తిరగేసిన పద్ధతి.

అసలు రుచి రెండో భాగంలో ఉంది.

ప్రతి స్టేజుకీ ఒక రైడర్ పేరు ఇవ్వాలి. మొదటి స్థానానికి 20, తర్వాత వరసగా 14, 10, 8, 6, ఆరు నుంచి పది దాకా 5, 4, 3, 2, 1. ఒకసారి వాడిన పేరు మళ్ళీ వాడకూడదు. రెండు జోకర్లు ఉంటాయి, అవి వేసిన రోజు పాయింట్లు రెట్టింపు. ఏ రోజు వేస్తున్నామో ఆ రోజు ఫామ్‌లోనే టిక్కు పెట్టాలి. అన్నీ కలిసొస్తే రెండో భాగంలో గరిష్ఠం 460.

ఒక్కో పేరు ఒక్కసారే అన్న ఈ ఒక్క నిబంధన పోటీని నిలబెట్టింది. అది లేకపోతే అందరూ 21 రోజులూ పొగాచర్ అని రాసి పడుకునేవాళ్ళు. ఉండటం వల్ల పొగాచర్ నాలుగు స్టేజులు గెలిచినా (4, 7, 12, 13) మీ చేతిలో ఒక్క తూటాయే. దాన్ని ఎక్కడ పేల్చాలి? మామూలు ఆలోచనకి పెద్ద కొండ స్టేజు కదా అనిపిస్తుంది. తప్పు. కొండ స్టేజులో బ్రేక్‌అవే ముందే వెళ్ళిపోయి అక్కడే గెలవొచ్చు. పద్నాలుగో స్టేజు అరెన్స్‌మన్‌కి పోయింది, పొగాచర్‌ది రెండో స్థానం. వాంటూ స్టేజు వాలంటాన్ పారే-పాంత్ర్‌కి. కొల్ డి లా లోజ్ బెన్ ఓకానర్‌కి, పొగాచర్‌ది రెండో స్థానం. పందొమ్మిది మళ్ళీ అరెన్స్‌మన్‌కే, పొగాచర్‌ది మూడో స్థానం. అదే ఒక్కొక్కరే విడివిడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ అయితే ముందు పారిపోవడాలుండవు, ఎవడి కాలు వాడిదే. పదమూడో స్టేజు పెరగ్యూడ్‌కి 10.9 కిలోమీటర్ల కొండ టైమ్ ట్రయల్. కొండెక్కడంలో మొనగాడికి అంతకన్నా భద్రమైన రోజు రేసు మొత్తంలో లేదు. పొగాచర్‌ని అక్కడ జోకర్‌తో వేస్తే 40. అయిదో స్టేజు కాన్ ఊళ్ళో 33 కిలోమీటర్ల మైదానపు టైమ్ ట్రయల్. ఎవెనెపోల్‌ని అక్కడ రెండో జోకర్‌తో వేస్తే ఇంకో 40. రెండు టైమ్ ట్రయళ్ళు, రెండు జోకర్లు, 80 పాయింట్లు. దీనికి పెద్ద విద్య అక్కర్లేదు, రూట్ మ్యాప్ ఒకసారి చూస్తే చాలు. అయినా జోకర్‌ని వాంటూ కోసం దాచుకున్నవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. పేరున్న కొండ అంటే మనవాళ్ళకి మోజు.

స్ప్రింటర్లది వేరే లెక్క. 2025 టూర్‌లో 7 మైదానపు స్టేజులు, 6 గుట్టల స్టేజులు, 6 పర్వత స్టేజులు, 2 టైమ్ ట్రయళ్ళు. ఏడు మైదానపు స్టేజులున్నా నమ్మదగిన స్ప్రింటర్లు నలుగురైదుగురే. మిలాన్, మెర్లియర్, ఫిలిప్సెన్, గిర్మాయ్, గ్రోవ్స్. వీళ్ళని దాచుకోకూడదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఫిలిప్సెన్ లీల్‌లో మొదటి స్టేజు గెలిచి పసుపు తొడుక్కున్నాడు. మూడో రోజు పచ్చ జెర్సీలో, ముగింపుకి ఇంకా 60 కిలోమీటర్లుండగా మధ్యలో వచ్చే ఇంటర్మీడియట్ స్ప్రింట్ దగ్గర పడి కాలర్‌బోన్ విరిగి ఇంటికి పోయాడు. అతన్ని మూడో వారానికి దాచుకున్నవాళ్ళకి మిగిలింది ఖాళీ గడి. మొదటి రోజు మిలాన్‌నో మెర్లియర్‌నో వాడినవాళ్ళకి ఇంకోరకం దెబ్బ తగిలింది. పక్కగాలికి గుంపు చీలిపోయి ఆ ఇద్దరూ వెనకపడ్డారు. ఆ తర్వాత మెర్లియర్ 3, 9 స్టేజులు, మిలాన్ 8, 17 స్టేజులు గెలిచారు కానీ వాళ్ళ పేర్లు అప్పటికే ఖర్చయిపోయాయి. సముద్రం పక్కన, చెట్లు లేని పొలాల మధ్య సాగే స్టేజు అయితే ముందురోజు గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తుందో చూసుకోండి. పక్కనుంచి గట్టి గాలి ఉంటే స్ప్రింటర్ ఎంత గొప్పవాడన్నదానికన్నా వాడి టీమ్ ముందువరసలో ఉండగలదా అన్నదే ముఖ్యం.

పర్వత స్టేజుల్లో పొగాచర్, వింగెగార్డ్ అయిపోయాక ఎవరి పేరు రాయాలి? ఇక్కడ ఆ రోజుకున్న మొత్తం పట్టికని కిందినుంచి చదవాలి. పై పదిమందికి దగ్గరగా ఉన్నవాణ్ణి బ్రేక్‌అవేలో వెళ్ళనివ్వరు. అరగంటో గంటో వెనకబడ్డ మంచి క్లైంబర్‌ని పట్టించుకోరు, పోనిస్తారు. లీడర్ కోసం పనిచేయాల్సిన సహాయకుణ్ణి మాత్రం రాయొద్దు, వాడి కాళ్ళు ఎంత బాగున్నా వాడి స్టేజు వాడి చేతిలో ఉండదు. ఇంకో సంగతి. ఈ పాయింట్లు మొదటి పదిమందికే. తొమ్మిదో స్టేజులో వాన్ డర్ పూల్ తన టీమ్‌మేట్‌తో కలిసి మొదటినుంచీ ముందు తొక్కి చివరి కిలోమీటరులో దొరికిపోయాడు. ఆ రోజు టీవీ చూసినవాళ్ళందరికీ గుర్తుండిపోయే తొక్కుడు. మన ఫామ్‌లో దాని విలువ సున్నా. పోరాట పటిమకి రేసువాళ్ళు రోజూ ఒకరిని ఎంపిక చేస్తారు కదా, దానికి కనీసం 3 పాయింట్లు ఇస్తే అలాంటి పేర్లు రాసే ధైర్యం వస్తుంది.

పేర్ల కింద రిజర్వు గడి ఒకటి ఉంది. మీరిచ్చిన రైడర్ ఆ రోజు అసలు బయల్దేరకపోతే రిజర్వు పేరు లెక్కలోకి వస్తుంది, మొదటి పేరు ఖర్చవదు. చాలా పోటీల్లో కనబడని మంచి ఏర్పాటు ఇది. వాన్ డర్ పూల్ నిమోనియాతో పదహారో స్టేజుకి ముందు తప్పుకున్నప్పుడు ఇది పనికొచ్చింది. బయల్దేరి మధ్యలో దిగిపోతే మాత్రం పేరు ఖర్చయినట్టే, సున్నా. న్యాయమే. చాలామంది రిజర్వు గడి ఖాళీగా వదిలేస్తారు. విశ్రాంతి రోజు తర్వాతి ఉదయం మాత్రం వదలొద్దు. జ్వరాలు, దగ్గుల కబుర్లు బయటికొచ్చేది అప్పుడే.

ఇక ఫామ్ సంగతి. ఇక్కడ షాపువాళ్ళకి మార్కులు బాగా తగ్గుతాయి.

మొదట పేర్లు చేత్తో టైపు చేయమన్నారు. పొగాచర్ ఒక్కడికే షీట్‌లో రకరకాల స్పెల్లింగులు వచ్చాయి. ఫార్ములా అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా సున్నా వేస్తుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు యేట్స్. ఆడమ్ యేట్స్, సైమన్ యేట్స్ కవలలు, ఇద్దరూ ఆ రేసులో ఉన్నారు, వేరువేరు టీముల్లో. పదో స్టేజు సైమన్ గెలిచాడు. ఉత్త "యేట్స్" అని రాసినవాళ్ళకి ఇవ్వాలా వద్దా అని గ్రూపులో అర్ధరాత్రి దాకా పంచాయితీ. చివరికి ఇవ్వలేదు. రెండో వారంలో పేరు తీసేసి బిబ్ నంబరు (రైడర్ జెర్సీ మీద అంటించే నంబరు) అడగడం మొదలుపెట్టారు, గొడవ సద్దుమణిగింది. నంబర్ల లెక్క సులువు. టీమ్‌కి 8 మంది కాబట్టి 1 నుంచి 8, 11 నుంచి 18, 21 నుంచి 28 అలా సాగుతుంది. 9, 10, 19, 20 లాంటివి ఉండవు, ఫామ్ వాటిని తీసుకోకుండా కట్టడి పెట్టొచ్చు. 2025లో పొగాచర్ 1, వింగెగార్డ్ 11. స్టార్ట్ లిస్టు ఫోన్లో దాచుకుని నంబరు రాయండి, పేరు గురించి బెంగ ఉండదు.

గడువు రోజూ మన వేళ సాయంత్రం 4 గంటలు. ఫ్రాన్స్ వేసవి వేళకీ మనకీ మూడున్నర గంటల తేడా. స్టేజు అక్కడ ఒంటి గంట దాటాక మొదలైతే మనకి నాలుగున్నర తర్వాత, ఇబ్బంది లేదు. పొడవైన పర్వత స్టేజులు మాత్రం అక్కడ పన్నెండుకో పన్నెండున్నరకో మొదలవుతాయి. పన్నెండంటే మనకి మూడున్నర. ఫామ్ మూతపడటానికి ఇంకా అరగంట ఉంటుంది. ఆ అరగంటలో బ్రేక్‌అవేలో ఎవరున్నారో లైవ్‌లో చూసి పేరు మార్చుకోవచ్చు. నిబంధనల ప్రకారం తప్పు కాదు, కానీ ఇది జోస్యం కాదు, కాపీ కొట్టడం. ఫామ్ ఒకే వేళకి మూయకుండా ఆ రోజు స్టేజు బయల్దేరే వేళకి అరగంట ముందు మూయాలి. ఆ వేళలు రూట్ బుక్‌లో ముందే ఉంటాయి, 21 వేళలు ఒక షీట్‌లో వేసుకుంటే పని అయిపోతుంది.

ఈ షాపులో ఆ క్యాలెండర్ చూసే అలవాటు లేదని పదో స్టేజు రోజు తేలింది. గ్రాండ్ టూర్లలో మొదటి విశ్రాంతి రోజు మామూలుగా సోమవారం. 2025లో ఆ సోమవారం జులై 14, ఫ్రాన్స్ జాతీయ పండగ. అందుకని స్టేజు పెట్టి విశ్రాంతిని మంగళవారానికి జరిపారు. షాపులో ఫామ్ తెరిచేవాళ్ళు సోమవారం సెలవనుకున్నారు. మధ్యాహ్నం మూడు దాటాక గ్రూపులో కేకలు మొదలైతే అప్పుడు తెరిచారు. ఆఫీసు మీటింగుల్లో ఉన్నవాళ్ళకి ఆ రోజు పోయినట్టే.

టైమ్‌స్టాంపుల కథ ఇంకొకటి. ఫామ్ జవాబులు పడే షీట్ టైమ్ జోన్ మొదట అమెరికా పశ్చిమ తీరపు వేళలో ఉండిపోయింది. మనకి మధ్యాహ్నం 3:50కి పంపింది అందులో తెల్లవారుజాము 3:20గా పడుతుంది. ఎవరు ముందు, ఎవరు గడువు దాటాక అన్నది పన్నెండున్నర గంటలు కలిపి చూసుకోవాల్సి వచ్చింది. షీట్ సెట్టింగుల్లో టైమ్ జోన్‌ని కోల్‌కతాకి మారిస్తే అయిపోయే పని. పంపిన జవాబు సవరించుకునే వీలు కూడా తెరిచి ఉంచారు. సవరిస్తే పాత వేళ పోయి సవరించిన వేళ నమోదవుతుంది. పొద్దున పంపినవాడు గడువు దాటాక అక్షరదోషం దిద్దుకున్నా ఆలస్యంగా పంపినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఒకసారి పంపాక లింకు మళ్ళీ తెరవొద్దు. తప్పు దొర్లితే గడువులోపు కొత్తగా ఇంకో ఫామ్ పంపండి, చివరిదే లెక్క.

సమానమైనప్పుడు తేల్చడానికి ఒక ప్రశ్న ఉంది: విజేతకీ రెండోవాడికీ తేడా ఎన్ని సెకన్లు? ఇది చక్కటి ప్రశ్న. 2021లో 5:20, 2022లో 2:43, 2023లో 7:29, 2024లో 6:17, 2025లో 4:24. ఈ అయిదింటి నడిమి విలువ 5:20, అంటే 320 సెకన్లు. ఆ చుట్టుపక్కల రాసినవాడు ఏ ఏడాదీ మరీ దూరం పోడు. 1989లో 8 సెకన్లు, 2020లో 59 సెకన్లు లాంటివి అరుదు. జాగ్రత్తగా ఉండాల్సింది రాసే తీరులో. సెకన్లలో రాయమంటే 4:24 అని రాసినవాళ్ళున్నారు. షీట్ దాన్ని నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలుగా చదువుతుంది. 264 అని రాయాలి. పారిస్‌లో చివరి రోజు వాన పడి రోడ్డు జారుతోందని తుది పట్టిక వేళల్ని ముగింపుకి 50 కిలోమీటర్ల ముందే తీసుకున్నారు. దాంతో ఈ తేడా అక్కడే గడ్డకట్టింది. స్టేజు గెలుపు మాత్రం చివరిదాకా నడిచింది. మోంమార్త్ర్ గుట్ట మూడుసార్లు ఎక్కాక వాన్ ఆర్ట్ ఒంటరిగా గెలిచాడు, పొగాచర్‌ది నాలుగో స్థానం. ఎప్పటిలా స్ప్రింట్ అనుకుని చివరి స్ప్రింటర్‌ని ఆ రోజుకి దాచుకున్నవాళ్ళకి గుండు సున్నా. 1.1 కిలోమీటర్ల చిన్న ఎక్కుడే, కానీ రాళ్ళ రోడ్డు, పైగా వాన.

టూర్ ఇలా నెట్టుకొచ్చింది. వుయెల్టాకి వచ్చేసరికి నిబంధనల కాగితం చిరిగిపోయింది. అయిదో స్టేజు ఫిగేరస్‌లో టీమ్ టైమ్ ట్రయల్. ఫామ్ రైడర్ నంబరు అడుగుతోంది, గెలిచేది టీమ్. రైడర్ ఎవరైనా సరే అతని టీమ్ స్థానానికి పాయింట్లు ఇస్తామని ఆ రోజు మధ్యాహ్నం ప్రకటించారు. తెలివైనవాళ్ళు వెంటనే గ్రహించారు. యూఏఈ టీమ్‌లో మళ్ళీ ఎప్పటికీ వాడనక్కర్లేని సహాయకుడి నంబరు రాశారు. టీమ్ గెలిచింది, 20 వచ్చాయి, ఆల్మేదా పేరు భద్రంగా మిగిలింది. నియమం తెలిశాక అది న్యాయమైన ఎత్తే. ప్రకటన చూడకుండా పొద్దున్నే ఆల్మేదా పేరు పంపినవాడికి అన్యాయం.

పదకొండో స్టేజు బిల్బావ్‌లో నిరసనల వల్ల ముగింపుకి 3 కిలోమీటర్ల ముందు వేళలు తీసుకున్నారు, స్టేజు విజేతని ప్రకటించలేదు. షాపువాళ్ళు ఆ రోజు వాడిన పేర్లని వెనక్కిచ్చారు. మంచి నిర్ణయం. పదహారో స్టేజు 8 కిలోమీటర్లు కుదించారు, బెర్నాల్ గెలిచాడు, అధికారిక ఫలితమే లెక్క. పద్దెనిమిదో స్టేజు టైమ్ ట్రయల్‌ని 27.2 కిలోమీటర్ల నుంచి 12.2కి తగ్గించారు, గాన్నా గెలిచాడు, అక్కడా చిక్కు లేదు. చివరి రోజు మాడ్రిడ్ స్టేజు మధ్యలోనే ఆగిపోయింది. విజేత లేడు. పేరు వెనక్కిచ్చారు సరే, వాడటానికి రేపు లేదు. ఆ రోజు వేసిన జోకర్ గాలికి పోయింది. జోకర్ అప్పటికే వాడేసినవాళ్ళు బాగుపడ్డారు, చివరిదాకా ఆపుకున్నవాళ్ళు నష్టపోయారు. చివరి స్టేజు రద్దయితే మిగిలిన జోకర్ అంతకుముందు వచ్చిన అతి తక్కువ పాయింట్ల గెలుపుకో, కనీసం ఒక నిర్ణీత సంఖ్యకో అంటుకోవాలని ముందే రాసుండాల్సింది. ఇలాంటివి ఎప్పుడూ జరగలేదా అంటే, 2019 టూర్‌లో పందొమ్మిదో స్టేజు వడగళ్ళు, బురదచరియల వల్ల ఆగిపోయి ఈజెరాన్ కనుమ శిఖరం దగ్గర వేళలు తీశారు. స్టేజు విజేత లేడు. అంటే కనీసం ఒక లైను రాసుకోవడానికి ఆరేళ్ళ వ్యవధి ఉంది.

ఫలితం ఎప్పటికి ఖాయం అన్నది కూడా కాగితంలో లేదు. 2024 టూర్ ఆరో స్టేజులో ఫిలిప్సెన్ రెండో స్థానంలో వచ్చాక, స్ప్రింటులో తన లైను వదిలి పక్కవాడికి అడ్డుపడ్డాడని కిందికి నెట్టారు. అలాంటివి రేసు ముగిసిన గంటలోపు తేలిపోతాయి, రాత్రి 11 తర్వాత పాయింట్లు వేస్తే చాలు. డోపింగ్ కేసులది అలా కాదు. 2010 టూర్ కాంటడోర్ నుంచి పోయి ఆండీ ష్లెక్‌కి చేరింది 2012లో. సర్వీసు బహుమతిని రెండేళ్ళ తర్వాత వెనక్కి అడగలేం కదా. రేసు ముగిసిన మర్నాటి అధికారిక పట్టికే చివరిదని ఒక్క వాక్యం చాలు.

షాపులో శనాదివారాలు టీవీ పెట్టి ముగింపు చూపిస్తారు. స్టేజులు సాధారణంగా మనకి తొమ్మిది ప్రాంతంలో ముగుస్తాయి, ఇరానీ చాయ్ తెప్పిస్తారు, కుర్చీలు తక్కువ. పారిస్ స్టేజు మనకి రాత్రి పదకొండు దగ్గర పడింది, షాపు అప్పటికి మూసేశారు. నిబంధనలు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. గ్రూపులో ఒకరు తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టి చెప్పాల్సి వచ్చింది. రెండు పేజీల కాగితమే, తెలుగులో వేయడం పెద్ద పని కాదు.

ఆడొచ్చా అంటే ఆడొచ్చు. రెండో భాగం కోసమే ఆడొచ్చు. రోజుకి అయిదు నిమిషాల పని. దానివల్ల ఎవరూ చూడని మధ్యవారపు గుట్టల స్టేజు ప్రొఫైల్ కూడా తెరిచి చూస్తారు. మొదటి భాగంలో వెనకబడ్డా దిగులు లేదు, 80కీ 92కీ తేడా ఒక మంచి రోజుతో పూడుతుంది.

2026 టూర్ జులై 4న బార్సిలోనాలో టీమ్ టైమ్ ట్రయల్‌తోనే మొదలవుతుంది. అంటే ఫిగేరస్ చిక్కు ఈసారి మొదటిరోజే వస్తుంది, షాపువాళ్ళు నంబరుకి బదులు టీమ్ పేరు అడుగుతారా లేదా అన్నది ఫామ్ నింపే ముందు గ్రూపులో అడిగి రాతలో తీసుకోండి. ఏమీ తేల్చకపోతే బలమైన టీమ్‌లో ఎందుకూ పనికిరాని నంబరు రాయండి. తెల్ల జెర్సీ గడి దగ్గర పుట్టిన ఏడాది చూడండి, 2001 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళకే అర్హత. 2025లో తెల్ల జెర్సీ గెలిచిన లిపోవిట్స్, 2024లో గెలిచిన ఎవెనెపోల్, ఇద్దరూ 2000లో పుట్టినవాళ్ళు. ఆ గడిలో వాళ్ళ నంబరు వేస్తే ఫామ్ కిమ్మనకుండా తీసుకుంటుంది, 15 పాయింట్లు మొదటిరోజే పోతాయి.